12 గెస్టులు, ఒకే నెట్ లైను: ప్యాకేజీల ఏర్పాటు ఎలా చేసుకోవాలి?

కావలి_ల్యాబ్
కావలి దగ్గర ఒక కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాది. ఉన్నది ఒకే పెద్ద సర్వర్, దాని మీద ప్రాక్స్‌మాక్స్ (ఒకే సర్వర్‌లో అనేక వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్). అందులో 12 వర్చువల్ మెషీన్లు, అంటే గెస్టులు, నడుస్తున్నాయి. ఎనిమిదింటిలో డెబియన్ 12, మూడింటిలో ఉబుంటు 22.04, ఒకదానిలో ఎప్పుడో ఎవరో పెట్టి వెళ్లిన సెంటాస్ 7. మూడూ లినక్స్ రకాలే. విద్యార్థుల ప్రాక్టికల్స్, హాజరు పట్టిక, గ్రంథాలయం లెక్కలు అన్నీ వీటిలోనే.

ఇబ్బంది ఏమిటంటే, ప్రతి గెస్టూ తన ప్యాకేజీలు (ప్రోగ్రాంల ఇన్‌స్టాల్ ఫైళ్లు) తనే నెట్ నుంచి దించుకుంటోంది. డెబియన్ కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) అప్‌డేట్ ఒకటి వచ్చిందంటే అదే ఫైలు ఎనిమిదిసార్లు దిగుతుంది. మాకున్నది ఊళ్లో కేబుల్ లైను. సరిగ్గా ప్రాక్టికల్స్ మొదలయ్యే వేళకు తెర మీద సున్నా శాతం దగ్గర వరుస ఆగిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన రోజు మరీ ఘోరం. పిల్లలు ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే డీపీకేజీ లాక్ (ఒకసారికి ఒకే ప్రక్రియ ప్యాకేజీలు ఎక్కించేలా చూసే తాళం) దొరకలేదని మొండికేస్తుంది. పైగా ఒకే టెంప్లేట్ (నమూనా) నుంచి క్లోన్ (నకలు) చేసిన ఉబుంటు మెషీన్లలో రెండింటికి ఒకే ఐపీ చిరునామా వస్తోంది. ఒకదానిలో అప్‌డేట్ నడుస్తుంటే రెండోదానికి నెట్ తెగిపోతోంది.

కొత్త లైనుకు డబ్బు లేదని ప్రిన్సిపాల్ గారు తేల్చి చెప్పారు. ఉన్నదాంతోనే దారి చూపించండి.

ఒంగోలు_గిత్త
ఆటోమేటిక్ అప్‌డేట్లన్నీ ఆపేయండి, సగం బాధ పోతుంది. సెలవుల్లో తీరిగ్గా చేతితో చేసుకోండి. నేను చూసే గ్రానైట్ కంపెనీ బిల్లింగ్ సర్వర్లలో అదే పద్ధతి. నడుస్తున్నదాన్ని కదిలించకూడదు.

మైపాడు_అల
గిత్త గారూ, ఆపేస్తే నెట్ భారం వాయిదా పడుతుందే కానీ తగ్గదు కదా. సెలవు రోజునైనా అదే ఫైలు ఎనిమిదిసార్లు దిగాల్సిందే. ఒకే ఇంట్లో ఎనిమిది మంది విడివిడిగా రైతుబజారుకు వెళ్లి తలా కిలో ఉల్లిపాయలు తెచ్చుకున్నట్టుంది ఈ వ్యవహారం.

సింహపురి_సుధ
అల గారు అసలు విషయం పట్టుకున్నారు. మీకు కావలసింది ల్యాబ్ లోపల ఒక క్యాష్, అంటే ఒకసారి దించిన ఫైళ్లను దాచి అందరికీ పంచే చోటు. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, డెబియన్ వాళ్ల ప్యాకేజీల భాండాగారమైన రిపాజిటరీలోనే దొరుకుతుంది. నెల్లూరులో మేము చూసే కార్యాలయంలో అదే వాడుతున్నాం.

ప్రాక్స్‌మాక్స్‌లో ఒక చిన్న కంటైనర్ (తేలికపాటి గెస్టు) చేయండి. ఒక కోర్, 512 మెగాబైట్ల మెమరీ చాలు. డిస్కు మాత్రం 40, 50 గిగాబైట్లు విడిగా ఇవ్వండి. అందులో ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే 3142 పోర్టులో వినడం మొదలుపెడుతుంది. కంటైనర్‌కు మారని ఐపీ ఇవ్వండి, ఉదాహరణకు 192.168.10.5 అనుకుందాం. ఇక ప్రతి గెస్టులో ఈటీసీ కింద ఆప్ట్, దాని కింద ఆప్ట్.కాన్ఫ్.డి అనే డైరెక్టరీ ఉంటుంది. అందులో కొత్త ఫైలు తెరిచి ఈ ఒక్క వరుస ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి:

అక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీ "హెచ్‌టీటీపీ://192.168.10.5:3142";

అంతే. మొదటి గెస్టు అడిగినప్పుడు ఫైలు నెట్ నుంచి వస్తుంది. మిగతా ఏడూ అడిగితే మీ డిస్కు నుంచే వస్తుంది. డెబియన్, ఉబుంటు రెండింటికీ ఒకే క్యాష్ సరిపోతుంది.

ముఖ్యమైన మాట ఇంకొకటి. కరెంటు పోయి వస్తుందన్నారు కాబట్టి ప్రాక్స్‌మాక్స్‌లో ఈ కంటైనర్‌కు స్టార్ట్ ఆర్డర్ 1 ఇచ్చి, అది లేచాక కొంత వ్యవధి పెట్టండి. మిగతా గెస్టులు ఆ తర్వాతే లేవాలి. క్యాష్ లేవకముందే గెస్టులు లేచి అడిగితే కనెక్షన్ కుదరలేదని అన్నీ ఎర్ర అక్షరాలు చూపిస్తాయి.

చీమకుర్తి_రాయి
క్యాష్ ఎందుకండీ, ఏకంగా మొత్తం మిర్రరే (రిపాజిటరీ పూర్తి నకలు) తెచ్చి పెట్టుకుంటే నెట్ లేకపోయినా ఇబ్బంది ఉండదు కదా?

సింహపురి_సుధ
రాయి గారూ, డెబియన్ మిర్రర్ అంటే ఒక్క ఏఎండీ64 (మామూలు 64-బిట్ కంప్యూటర్ల రకం) తీసుకున్నా వందల గిగాబైట్లు. అందులో ఈ ల్యాబ్ వాడేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కేబుల్ లైను మీద దాన్ని దించడం, తర్వాత రోజూ సరిచూసుకోవడం రెండూ భారమే. వందల మెషీన్లు ఉన్నచోట, లేదా బయటి నెట్ అసలే ఇవ్వని చోట మిర్రర్‌కు అర్థం ఉంది.

ఒంగోలు_గిత్త
అంతా రహస్యలిపి లేని హెచ్‌టీటీపీ మీద నడిపిస్తున్నారు. మధ్యలో ఎవరైనా ప్యాకేజీ మార్చి ఇస్తే?

పెన్నా_ఒడ్డు
మార్చి ఇచ్చినా ఆప్ట్, అంటే గెస్టులో ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రాం, ఒప్పుకోదు. రిపాజిటరీలో ఇన్‌రిలీజ్ అనే ఫైలు మీద డెబియన్ వాళ్ల సంతకం ఉంటుంది. ఆ ఫైలులో ప్యాకేజీ జాబితాల హ్యాష్‌లు (ఫైలు విషయం నుంచి లెక్కగట్టిన వేలిముద్రలు), జాబితాలో ఒక్కో ప్యాకేజీ హ్యాష్ ఉంటాయి. ఒక్క బైటు తేడా వచ్చినా ఆ ఫైలును పక్కన పారేస్తుంది. క్యాష్ దగ్గర ఉన్న కాపీకీ ఇదే పరీక్ష. గెస్టు ఎవరినీ గుడ్డిగా నమ్మదు.

ఒంగోలు_గిత్త
మరి 2019 జనవరిలో ఏం జరిగింది? భద్రతా లోపాల జాబితాలో దాని సంఖ్య సీవీఈ-2019-3462. హెచ్‌టీటీపీ రీడైరెక్ట్‌ను (వేరే చిరునామాకు మళ్లింపును) ఆప్ట్ సరిగా చూసుకోకపోవడం వల్ల మధ్యలో ఉన్నవాడు సంతకం పరీక్షను దాటించి తన ప్యాకేజీ ఎక్కించే వీలుండేది. అది కూడా రూట్ (పూర్తి) అధికారంతో. సంతకం ఒక్కటే చాలదని అప్పుడే తేలింది.

పెన్నా_ఒడ్డు
నిజమే, చాలా పెద్ద లోపం అది. కానీ అది ఆప్ట్‌లో ఉన్న లోపం, సరిచేసిన ఆప్ట్‌ను వెంటనే ఇచ్చారు. అప్‌డేట్లు ఆపేసి కూర్చున్న మెషీన్లలో మాత్రం పాత ఆప్ట్ అలాగే ఉండిపోయి ఉంటుంది. మీ ఉదాహరణ మీ మొదటి సలహాకే అడ్డొస్తోంది, గిత్త గారూ.

మైపాడు_అల
కొమ్ములు కాస్త పక్కకు పెట్టండి ఇద్దరూ. కావలి ఆయన ప్రశ్న సగంలోనే ఉంది. లాక్ సంగతి, ఐపీ సంగతి ఎవరూ చెప్పలేదు.

మార్కాపురం_పలక
చెబుతాను. రెండూ వేర్వేరు జబ్బులు.

లాక్: డెబియన్, ఉబుంటులలో సిస్టమ్‌డీ టైమర్లు (వేళకు పనులు నడిపేవి) రెండు ఉంటాయి. ఆప్ట్-డైలీ జాబితాలు తెస్తుంది. ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్ ప్యాకేజీలు ఎక్కిస్తుంది. ఈ రెండోది ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య ఎప్పుడైనా నడుస్తుంది. ఆ సమయానికి మెషీన్ ఆగి ఉంటే, తప్పిపోయిన పనిని మళ్లీ లేచాక చేసేలా పెర్సిస్టెంట్ అని అందులో పెట్టారు. ఇప్పుడు మీ ల్యాబ్ చూడండి. తెల్లవారుజామున కరెంటు పోయి తొమ్మిది గంటలకు వచ్చిందనుకోండి. డెబియన్, ఉబుంటు గెస్టులు పదకొండూ కలిసి లేచి, తప్పిపోయిన పని గంటలోపు మొదలుపెట్టాలని అన్నీ నెట్ మీద పడతాయి. సరిగ్గా అప్పుడే విద్యార్థి ఇన్‌స్టాల్ కమాండ్ కొడతాడు. లాక్ అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంటుంది కాబట్టి అతనికి దొరకదు.

దయచేసి ఆ లాక్ ఫైలును తొలగించకండి. యూట్యూబ్‌లో చాలామంది అదే చెబుతారు. సగం ఎక్కిన ప్యాకేజీ మీద ఇంకో ప్రక్రియ నడిస్తే డీపీకేజీ డేటాబేసే చెడుతుంది. ముందు ఏ ప్రక్రియ పట్టుకుని ఉందో చూడండి, అది ముగిసేదాకా ఆగండి. అసలు పరిష్కారం టైమర్ వేళ మార్చడమే. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఆ టైమర్ తెరిచి, ఆన్‌క్యాలెండర్‌ను ఖాళీ వరుసతో ఒకసారి చెరిపి, కింద కొత్త వేళ రాయండి. సాయంత్రం ల్యాబ్ మూసిన తర్వాత పెట్టండి. గెస్టులకు వేర్వేరు వేళలు ఇస్తే ఇంకా మంచిది. పెర్సిస్టెంట్‌ను ఫాల్స్ చేయండి.

ఐపీ: క్లోన్ చేసినప్పుడు ఈటీసీలోని మెషీన్-ఐడీ ఫైలు కూడా యథాతథంగా వచ్చేసింది. ఉబుంటులో నెట్‌వర్క్ చూసే భాగం ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌కు ఇచ్చే గుర్తింపును ఆ ఐడీ నుంచే తయారు చేస్తుంది. మ్యాక్ (నెట్ కార్డు) చిరునామాలు వేరైనా గుర్తింపు ఒకటే కావడంతో సర్వర్ ఇద్దరినీ ఒకరే అనుకుని ఒకే ఐపీ ఇస్తోంది. ఇప్పుడున్న క్లోన్లలో ఒక్కోదానిలో ఆ ఫైలును ఖాళీ చేసి రీబూట్ చేయండి, కొత్త ఐడీ పుడుతుంది. టెంప్లేట్‌లోనూ ఖాళీ చేసి ఉంచండి. ఫైలు ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు.

కావలి_ల్యాబ్
పలక గారూ, కరెంటు సంగతి మీరు చెప్పింది మా ల్యాబ్‌లో జరిగేదే. లాగ్‌లు చూస్తే టైమర్ వేళలు సరిగ్గా సరిపోయాయి.

ఉదయగిరి_కోట
క్లోన్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మెషీన్-ఐడీతో పాటు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు, అంటే మెషీన్ గుర్తింపు కీలు, కూడా మూడింటిలో ఒకటే అయి ఉంటాయి. ఒకదాని కీ బయటపడితే మూడూ బయటపడినట్టే. తొలగించి, డీపీకేజీ-రీకాన్ఫిగర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ నడిపితే కొత్తవి తయారవుతాయి. తొలగించి ఊరుకుంటే మాత్రం రీబూట్ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ లేవదు. ప్రాక్స్‌మాక్స్ కన్సోల్‌లోంచి వెళ్లాల్సి వస్తుంది.

కొండపి_పొగాకు
వర్ట్-సిస్‌ప్రెప్ అనే పనిముట్టు ఈ రెండింటినీ ఒకేసారి తుడిచేస్తుంది, కొత్త ఎస్‌ఎస్‌హెచ్ కీలు మాత్రం తర్వాత తయారుచేసుకోవాలి. ఆపి ఉంచిన డిస్కు మీద మాత్రమే నడపాలి. కొత్తగా టెంప్లేట్ చేసేవాళ్లయితే క్లౌడ్-ఇనిట్ ఉన్న ఇమేజి తీసుకోండి. మొదటిసారి లేచినప్పుడు కీలు, పేరు, ప్రాక్సీ వరుస అన్నీ అదే రాసుకుంటుంది.

ఒంగోలు_గిత్త
అన్నీ ఒప్పుకుంటాను కానీ ఆటోమేటిక్ అప్‌డేట్ల మీద నా మాట మారలేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ప్రోగ్రాం) ఉదంతం గుర్తుందా? ప్యాకేజీలోనే దొంగ తలుపు పెట్టి పంపారు. ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ ఎక్కించుకున్నవాళ్లే ముందు దొరికిపోయేవాళ్లు.

ఉదయగిరి_కోట
అది 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది. డెబియన్‌లో ఇంకా పరీక్షలో ఉన్న టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల్లోకి వచ్చింది. అప్పటికి స్టేబుల్ అయిన డెబియన్ 12లో 5.4.1 ఉంది, అది చెక్కు చెదరలేదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని ఒక ఇంజినీరు, ఆండ్రెస్ ఫ్రాయిండ్, ఓపికగా వెతకబట్టి అది బయటపడింది. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

అదే ఏడాది జులై 1న ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లోపం వచ్చింది, సీవీఈ-2024-6387. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా బయటినుంచి రూట్ అధికారం దొరికే అవకాశం ఉన్న లోపం. అది నేరుగా డెబియన్ 12ను, ఉబుంటు 22.04ను తాకింది. ఇద్దరూ అదే రోజు సవరణ ఇచ్చారు. అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ (సవరణలను ఆటోమేటిక్‌గా ఎక్కించే ప్యాకేజీ) ఉన్నవాళ్లకు దానంతట అదే ఎక్కింది. ‘సెలవుల్లో చేద్దాం’ అనుకున్నవాళ్ల సర్వర్లు దసరా దాకా తెరిచి ఉన్నట్టే కదా.

ఒంగోలు_గిత్త
మా సర్వర్లకు బయటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ దారే లేదు. వీపీఎన్‌లోంచి తప్ప రాలేరు. అయినా సెక్యూరిటీ వరకు మాత్రమే ఆటోమేటిక్, మిగతావి చేతితో అంటే నాకు అభ్యంతరం లేదు. రీబూట్ మాత్రం దానంతట అది చేయకూడదు. బిల్లింగ్ మధ్యలో సర్వర్ పడిపోతే లారీలు గేటు దగ్గర వరుస కడతాయి.

ఉదయగిరి_కోట
ఆటోమేటిక్ రీబూట్ మామూలుగా ఆపే ఉంటుంది. మీరు కావాలని పెడితేనే చేస్తుంది. ఇతరుల రిపాజిటరీల నుంచి వచ్చే ప్యాకేజీలనూ మీరు చెప్పేదాకా ముట్టుకోదు. డేటాబేసు ప్యాకేజీని కదిలించవద్దనుకుంటే ఆప్ట్-మార్క్ హోల్డ్ ఉంది.

చీమకుర్తి_రాయి
స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణపు స్థితి కాపీ) తీసి అప్‌డేట్ చేస్తే ఈ వాదనే ఉండదు. చెడితే వెనక్కి వెళ్లడమే.

మార్కాపురం_పలక
హాజరు పట్టిక ఉన్న మెషీన్‌ను వెనక్కి తీసుకెళితే ఆ మధ్యలో నమోదైన హాజరు కూడా పోతుంది, రాయి గారూ. స్నాప్‌షాట్ తీయండి, పరీక్షించండి, అదే రోజు తొలగించండి. నెలల తరబడి వదిలేస్తే డిస్కు తినేస్తుంది. బ్యాకప్ వేరే డిస్కులో వేరేగా ఉండాల్సిందే.

కావలి_ల్యాబ్
సుధ గారు చెప్పినట్టు కంటైనర్ పెట్టాను. డెబియన్ గెస్టులన్నీ క్యాష్ ద్వారా వస్తున్నాయి. కానీ ఒక ఉబుంటులో డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) రిపాజిటరీ ఉంది, అది మాత్రం 403 అని, కనెక్ట్ నిరాకరించామని చెబుతోంది. మిగతావన్నీ బాగానే దిగుతున్నాయి.

సింహపురి_సుధ
డాకర్ వాళ్ల చిరునామా హెచ్‌టీటీపీఎస్, అంటే రహస్యలిపిలో నడిచేది. ఆ సొరంగం లోపల ఏముందో క్యాష్‌కు కనిపించదు, దాచుకోలేదు, అందుకే మొదట్లోనే వద్దంటుంది. రెండు దారులున్నాయి. క్యాష్ అమరికలుండే ఏసీఎన్‌జీ.కాన్ఫ్ ఫైలులో పాస్‌త్రూప్యాటర్న్ అనే వరుసలో ఆ సైటు పేరు రాస్తే కదిలించకుండా దాటిస్తుంది, కానీ క్యాష్ కాదు. లేదా గెస్టులోని సోర్సు వరుసలో చిరునామాను హెచ్‌టీటీపీ://హెచ్‌టీటీపీఎస్/// అని మొదలుపెట్టి, తర్వాత సైటు పేరు రాయండి. అక్కడ హెచ్‌టీటీపీఎస్ అన్నది ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. అప్పుడు క్యాషే బయటికి భద్రంగా వెళ్లి తెచ్చి, దాచి, లోపల మామూలుగా ఇస్తుంది. ఒక్క మెషీనే డాకర్ వాడుతుంటే మొదటిది చాలు.

పెన్నా_ఒడ్డు
ఆ డాకర్ రిపాజిటరీకి కీ ఎలా ఎక్కించారో కూడా చూసుకోండి. పాత పాఠాల్లో ఆప్ట్-కీ వాడమని ఉంటుంది, దాన్ని విరమించుకున్నారు. అలా ఎక్కిన కీని ఆప్ట్ అన్ని రిపాజిటరీలకూ నమ్ముతుంది. ఈటీసీలో ఆప్ట్ కింద కీరింగ్స్ డైరెక్టరీలో పెట్టి, సోర్సు వరుసలో సైన్డ్-బై అని ఆ ఒక్క రిపాజిటరీకే కట్టండి.

కొండపి_పొగాకు
సెంటాస్ 7 సంగతి అందరూ మరిచిపోయారు. దానికి 2024 జూన్ 30తో ఆయుష్షు తీరింది. మిర్రర్ జాబితా ఇచ్చే సైటు కూడా లేదు, అందుకే యమ్ (సెంటాస్‌లో ఆప్ట్ లాంటిది) అడిగితే ఆ పేరే దొరకడం లేదంటుంది. పాత ప్యాకేజీలు వాల్ట్ అనే భాండాగారంలో ఉన్నాయి. రిపో ఫైళ్లలో మిర్రర్‌లిస్ట్ వరుస ముందు # గుర్తు పెట్టి, బేస్‌యూఆర్‌ఎల్‌ను వాల్ట్‌కు తిప్పితే ఇన్‌స్టాల్ అయితే అవుతాయి. కొత్త సవరణలు మాత్రం రావు.

కావలి_ల్యాబ్
గ్రంథాలయం సాఫ్ట్‌వేర్ ఉన్నది అందులోనే. రాసినవారు ఇప్పుడు అందుబాటులో లేరు.

కొండపి_పొగాకు
అయితే ముందు దానికి బయటి నెట్ తీసేయండి. ల్యాబ్ లోపలి నుంచి మాత్రమే అందాలి. తర్వాత ఆ గెస్టును పూర్తిగా క్లోన్ చేసి, క్లోన్ మీద ఆల్మాలినక్స్ వాళ్ల ఎలివేట్ అనే పనిముట్టుతో ఆల్మాలినక్స్ 8కి ఎక్కించి చూడండి. సాఫ్ట్‌వేర్ అక్కడ నడిస్తే మార్చండి, లేదంటే అసలుది అలాగే ఉంటుంది. వర్చువల్ మెషీన్ కాబట్టే ఈ వెసులుబాటు. క్లోన్‌కు మెమరీ రెండు గిగాబైట్లు ఇవ్వండి. 512 మెగాబైట్లతో డీఎన్‌ఎఫ్ (8లో యమ్ స్థానంలో వచ్చినది) నడిపితే రిపాజిటరీ జాబితాలు చదువుతుండగానే కెర్నల్ దాన్ని చంపేస్తుంది. తెర మీద ‘కిల్డ్’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ ఉండదు.

మైపాడు_అల
హోస్టుకు, అంటే ప్రాక్స్‌మాక్స్ నడిచే సర్వర్‌కు, కూడా అప్‌డేట్లు కావాలి కదా? ప్రాక్స్‌మాక్స్‌లో 401 (అనుమతి లేదు) వస్తుందని చాలామంది అడుగుతుంటారు.

ఉదయగిరి_కోట
చందా లేకపోతే ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ 401 ఇస్తుంది. దాన్ని నిలిపి, నో-సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీ చేర్చాలి. హోస్టు మీద ఆప్ట్ అప్‌గ్రేడ్ కాదు, డిస్ట్-అప్‌గ్రేడ్ వాడాలి. లేకపోతే కొన్ని ప్యాకేజీలు వెనకబడి పొంతన కుదరదు.

కావలి_ల్యాబ్
ఉబుంటు ఐపీలు విడిపోయాయి. టైమర్లు సాయంత్రానికి మార్చాను. ఈ రోజు కెర్నల్ సవరణ వచ్చింది. క్యాష్ నివేదిక పేజీ తెరిచి చూస్తే, బయటి నుంచి వచ్చింది ఒక్క కాపీ, లోపల పంచింది ఎనిమిది గెస్టులకు. చివరి గెస్టులో కెర్నల్ ప్యాకేజీ కన్ను మూసి తెరిచేలోగా దిగింది. అందరికీ కృతజ్ఞతలు. సెంటాస్ క్లోన్ పని ఈ వారాంతంలో చూస్తాను.

ఒక పాత మెషీన్‌ను మాత్రం మెమరీతో సహా తీసిన స్నాప్‌షాట్ నుంచి లేపితే, రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటోంది. ఇదేమిటి?

మార్కాపురం_పలక
గడియారం. స్నాప్‌షాట్ తీసిన రోజు దగ్గరే దాని సమయం ఆగిపోయి ఉంటుంది. ఈ రోజు తయారైన రిలీజ్ ఫైలు దాని లెక్కలో భవిష్యత్తుది. డేట్ కొట్టి చూడండి. క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రాం) ఇన్‌స్టాల్ చేసి ఉంచితే సరిచేసుకుంటుంది. ఇప్పటికి క్రోనీసీ మేక్‌స్టెప్‌తో ఒక్కసారిగా దూకించండి.

కావలి_ల్యాబ్
సరిగ్గా అదే. సరిపోయింది.

చీమకుర్తి_రాయి
సుధ గారూ, ఒక సందేహం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు నెట్ నిలబడలేదు. అలాంటప్పుడు ఈ క్యాష్ ఉన్నా గెస్టులు అప్‌డేట్ అడిగితే వేలాడుతూనే ఉంటాయా? అందుకే నేను మిర్రర్ అన్నది.

సింహపురి_సుధ
మంచి ప్రశ్న. ఏసీఎన్‌జీ.కాన్ఫ్‌లో ఆఫ్‌లైన్‌మోడ్ అని ఒక వరుస ఉంది. దాన్ని 1 చేసి సర్వీసు తిరిగి మొదలుపెడితే క్యాష్ బయటికి వెళ్లే ప్రయత్నమే చేయదు. తన దగ్గర ఉన్నది ఇస్తుంది, లేనిదానికి వెంటనే 503 చెబుతుంది. కాబట్టి వేలాడటం ఉండదు. తుపాను హెచ్చరిక రాగానే ఒక గెస్టులో ఆప్ట్ అప్‌డేట్ చేసి, ప్రాక్టికల్స్‌కు కావలసిన ప్యాకేజీలను డౌన్‌లోడ్-ఓన్లీతో లాగి ఉంచండి. అవన్నీ క్యాష్‌లో చేరతాయి. రిపాజిటరీ జాబితాలోంచి తప్పుకున్న పాత ఫైళ్లను అది మామూలుగా నాలుగు రోజుల తర్వాత తీసేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎక్స్‌థ్రెషోల్డ్ విలువ పెంచి ఉంచుకోండి. నెట్ వచ్చాక ఆఫ్‌లైన్‌మోడ్‌ను తిరిగి 0 చేయండి.

చీమకుర్తి_రాయి
అయితే నాకూ క్యాష్ చాలు. ఈ రోజే కంటైనర్ చేస్తున్నాను.